నాలుగున్నర మిల్లీమీటర్లు

ఐర్లండులో రైలు పట్టాల ఎడం అయిదడుగుల మూడంగుళాలు, అనగా 1600 మిల్లీమీటర్లు. ఇంగ్లండు కొలత కన్నా ఆరున్నర అంగుళాలు ఎక్కువ, మన బ్రాడ్‌గేజి కన్నా మూడంగుళాలు తక్కువ. ఆ దేశపు రైళ్ళకు నమూనాలు కట్టేవారిని ఈ తేడాయే పరీక్షిస్తుంది. అడుగును నాలుగు మిల్లీమీటర్లకు కుదిస్తే పట్టాల ఎడం 21 మిల్లీమీటర్లు రావాలి; అంగట్లో దొరికే 'డబుల్ ఓ' పట్టాలది పదహారున్నరే. చాలామంది దానితో సర్దుకుంటారు. కొందరు మాత్రం స్లీపర్లు ఒక్కొక్కటే పేర్చి, పట్టాలు స్వయంగా బిగించి, చక్రాలకు పొడవైన ఇరుసులు వేసుకుంటారు.

నాలుగున్నర మిల్లీమీటర్ల కోసం ఇంత తపస్సా అనిపించవచ్చు. డబ్లినులో హార్‌కోర్ట్ స్ట్రీట్ నుంచి బ్రే పట్టణానికి వెళ్ళే రైలుమార్గం 1958 డిసెంబరు 31న మూతపడింది. 2004లో ఆ దారిపై ట్రాములు మొదలయ్యాయి. కానీ వాటి పట్టాలు ఇంగ్లండు కొలతవి. దారి తిరిగి వచ్చింది, ఆ ఎడం రాలేదు. ఇక ఆ మార్గం ఉన్నదున్నట్టుగా కనిపించాలంటే, ఎవరో ఒకరు తమ ఇంట్లో బల్ల మీద పరచుకోవలసిందే.

మీటరుగేజి బండ్లలో తిరిగి పెరిగి, ఆ పట్టాలను పెకలించడం చూసినవాణ్ణి గనుక ఆ తపన నాకు అర్థమవుతుంది. మన పాత స్టేషన్లను ఇంత శ్రద్ధగా కొలిచి దాచినవారు మీ ఎరుకలో ఎవరైనా ఉంటే చెప్పండి.