జోడీ లేని కూలి

"ముందు వర్గం, తర్వాతే మిగతావి" అన్న మాట మన స్త్రీలకు కొత్తది కాదు. తెలంగాణ సాయుధ పోరాటంలో తుపాకి పట్టిన స్త్రీలను, 1951లో పోరాటం ఆగగానే ఇంటికి పోయి సంసారాలు చూసుకోమన్నారు. ఆ బాధ వాళ్ల నోటి నుంచే మనం వినడానికి 1986 దాకా, స్త్రీశక్తి సంఘటన 'మనకు తెలియని మన చరిత్ర' తెచ్చేదాకా ఆగాల్సి వచ్చింది. ఇప్పుడు ట్రాన్స్‌జెండర్ల హక్కుల విషయంలోనూ కొందరు వామపక్ష మిత్రులు అదే మాట అంటున్నారు. ఇది నగరాల గొడవ అనీ, అస్తిత్వ సమస్యే తప్ప కూలీల సమస్య కాదనీ వాళ్ల వాదన.

నేను మాత్రం ఈ సమస్యను మొదట కూలి లెక్కలోనే చూశాను. అది కూడా మా సిర్గాపూర్‌లో.

మా నారాయణఖేడ్ ప్రాంతం 1956 దాకా బీదర్ జిల్లాలో ఉండేది. రాష్ట్రాల సరిహద్దులు మారినా వలస దారులు మారలేదు. వానాకాలం పంట చేతికి రాగానే తండాల నుంచీ ఊళ్ల నుంచీ జనం చెరుకు నరకడానికి పోతారు. మేస్త్రీ అడ్వాన్సు ఇచ్చేది మనిషికి కాదు, జోడీకి. మగవాడు నరకాలి, ఆడమనిషి ఆకు తీసి, మోపు కట్టి, నెత్తిన పెట్టుకుని బండి దాకా మోయాలి. మహారాష్ట్ర వైపు ఆ జంటనే 'కొయతా' అంటారు. కొయతా అంటే చెరుకు నరికే కత్తి. ఇద్దరు మనుషులు కలిస్తే ఒక కత్తి! డబ్బు లెక్కలు మాత్రం మగవాడి పేరు మీదే నడుస్తాయి.

మా వాడకట్టులో ఒక మనిషి ఉండేది. పుట్టినప్పుడు అందరూ మగపిల్లవాడే అనుకున్నారు. తల్లి చనిపోయాక తండ్రితో జోడీగా పోయింది. తండ్రి నరికేవాడు, తను మోపులు కట్టేది. అట్లా నాలుగైదేళ్లు గడిచాయి. తండ్రికి నడుము పోయాక తన పేరు మీద అడ్వాన్సు అడిగితే మేస్త్రీ నవ్వాడట, పెండ్లి చేసుకుని పెండ్లాన్ని తీసుకుని రమ్మన్నాడట. ఒకసారి పీర్ల పండుగకు వచ్చినప్పుడు నాతో ఇట్లా అంది:

"మోపులు కట్టినన్ని రోజులు నేను ఆడమనిషి పనే చేసిన అక్కా. ఎవ్వలూ ఏమనలే. నా పేరు మీద పైసలు అడిగినప్పుడే అందరికీ యాదికొచ్చింది, నేను గిట్లున్ననని."

అప్పటికి తను హైదరాబాదులో ఉంటోంది, దుకాణాల వెంట చేయి చాచి బతుకుతోంది.

ఆ మాట విన్న తర్వాత "ముందు వర్గం" అనేవాళ్లను నేను ఒక ప్రశ్న అడగదలచుకున్నాను. ఈమెది ఏ వర్గం? భూమి లేదు, కూలి దొరకదు. కూలి ఎందుకు దొరకదంటే జోడీ లేదు. జోడీ ఎందుకు లేదంటే పెళ్లి అనే కట్టుబాటులో ఆమెకు చోటు లేదు. ఇక్కడ వర్గం ఎక్కడ ఆగింది, జెండర్ ఎక్కడ మొదలైంది?

నిజానికి ఈ ముడిని మొదట పట్టుకున్నది సోషలిస్టులే. కుటుంబం, సొంత ఆస్తి, రాజ్యం ఎట్లా పుట్టాయో చెబుతూ 1884లో ఎంగెల్స్ రాసిన పుస్తకం, కుటుంబం ప్రకృతి ఇచ్చింది కాదనీ, ఆస్తి సంబంధాలతో మారుతూ వచ్చిందనీ చెప్పింది. కానీ కోర్కెల పత్రం రాసే దగ్గరికి వచ్చేసరికి కార్మికుడంటే భార్యాపిల్లలున్న మగవాడే అయ్యాడు. విప్లవం తర్వాత 1922 శిక్షాస్మృతిలో సోవియట్ రష్యా మగవారి మధ్య లైంగిక సంబంధాన్ని నేరాల జాబితా నుంచి తీసేసింది. స్టాలిన్ కాలంలో, 1934లో, అది మళ్లీ నేరమైంది. కుటుంబాన్ని ప్రశ్నించిన సిద్ధాంతం పేరు మీదే కుటుంబాన్ని కాపాడే రాజ్యం వచ్చింది. ఆ సిద్ధాంతాన్ని వదలకుండానే దాన్ని విస్తరించినవాళ్లూ ఉన్నారు. అమెరికాలో కమ్యూనిస్టుగా పనిచేసిన లెస్లీ ఫైన్‌బెర్గ్ 1992లోనే ట్రాన్స్‌జెండర్ విముక్తి మీద ఒక కరపత్ర పుస్తకం రాశారు.

మన దగ్గర రాజ్యం ఏం చేసింది? 1919లో నిజాం ప్రభుత్వం హిజ్రాల మీద ఒక చట్టం తెచ్చింది. వాళ్ల పేర్లు రిజిస్టరులో ఎక్కించమంది. అట్లా పేరెక్కినవాళ్లు ఆడబట్టలు కట్టి వీధిలో కనిపించినా, అందరిలో ఆడినా పాడినా వారెంటు లేకుండా పట్టుకోవచ్చు, రెండేళ్ల దాకా జైలు వేయవచ్చు. ఆటా పాటా వాళ్ల బతుకుదెరువు. అంటే చట్టం నేరం చేసింది బట్టలనే కాదు, పనిని కూడా. నిజాం పోయాడు, రాష్ట్రాలు మారాయి, ఆ చట్టం మాత్రం పుస్తకాల్లో మిగిలింది. వైజయంతి వసంత మొగ్లి తదితరులు కోర్టుకు పోయాక, 2023 జులైలో తెలంగాణ హైకోర్టు దాన్ని కొట్టివేసింది. ట్రాన్స్‌జెండర్లకు ఆసరా పింఛను ఇవ్వాలని కూడా చెప్పింది.

ఎన్నికల్లో వామపక్షం ఒక అడుగు వేసింది. 2018 అసెంబ్లీ ఎన్నికల్లో సీపీఎం మరికొన్ని పార్టీలతో కలిసి ఏర్పరచిన బహుజన లెఫ్ట్ ఫ్రంట్, హైదరాబాదులోని గోషామహల్ స్థానంలో ముువ్వల చంద్రముఖిని నిలబెట్టింది. ఆమె గెలవలేదు. అయినా ఒక హిజ్రా ఓట్లడుగుతూ గడపగడపకూ పోవడం చిన్న సంగతి కాదు. కానీ టికెట్టు ఇవ్వడం ఒకటి, కూలి లెక్క మార్చడం ఇంకొకటి.

ఎందుకంటే మన పోరాటాలు సాధించిన మంచి చట్టాల్లోనూ ఆ జోడీ లెక్క దాగి ఉంది. వామపక్షాలు ఎంతో పట్టుబట్టగా వచ్చిన 2005 ఉపాధి హామీ చట్టం నూరు రోజుల పనిని కుటుంబానికి ఇచ్చింది, మనిషికి కాదు. కుటుంబమంటే రక్తం వల్ల, పెళ్లి వల్ల, దత్తత వల్ల కలిసి ఉండేవాళ్లని చెప్పింది. ఇంట్లోంచి వెళ్లగొట్టిన బిడ్డ ఆ నూరు రోజుల్లోంచి కూడా వెళ్లిపోయింది. గురువు దగ్గర పదిమంది చేలాలు ఒకే పొయ్యి మీద వండుకు తింటున్నా, ఆ నిర్వచనం ప్రకారం అది కుటుంబం కాదు.

ఆ ఇంటిని నేను స్వర్గమనడం లేదు. పి. సత్యవతి గారి అనువాదంలో రేవతి 'ఒక హిజ్రా ఆత్మకథ' చదివినవారికి ఆ నీడ ఎంత అవసరమో, అందులో పెత్తనం ఎంతో కూడా తెలుసు. చేలా సంపాదనలో గురువుకు వాటా పోతుంది. శ్రమదోపిడీ గురించి ఇంత మాట్లాడే మనం అక్కడికి ఎందుకు పోలేదు? పోలీసులు పోయారు, కోర్టులు పోయాయి. యూనియన్ పోలేదు.

ఉద్యోగం ఒక్కటే ఇస్తే చాలదని కొచ్చి మెట్రో చూపింది. 2017లో అక్కడ 23 మంది ట్రాన్స్‌జెండర్లను తీసుకుంటే, చేరినవారిలో ఎనిమిది మంది కొద్ది రోజులకే మానేశారు. ఆ జీతంతో ఉండడానికి ఇల్లు ఎవరూ అద్దెకు ఇవ్వలేదు. 2024 డిసెంబరులో హైదరాబాదు ట్రాఫిక్ విధుల్లో 39 మంది చేరారు. సంతోషించాల్సిందే. కానీ వాళ్లు ఏ ఇంట్లో ఉంటున్నారు, ఆ పని రేపు పర్మనెంటు అవుతుందా అని అడగాల్సింది యూనియన్లే.

స్త్రీవాదులుగా మనకూ ఇందులో పని ఉంది. చెరుకు తోటలో మోపులు మోసే ఆడమనిషి చేతికి కూలి రాదు, జోడీ పేరు మీద మొగుడికి పోతుంది. జోడీ లేని మనిషికి కూలే లేదు. ఒకే లెక్క ఒకరిని మొగుడి వెనక దాచిపెడుతోంది, ఇంకొకరిని పొలం నుంచే వెళ్లగొడుతోంది. అందుకని అడ్వాన్సు చిట్టీ మీద, హాజరు పట్టీ మీద, రేషను కార్డు మీద ప్రతి మనిషి పేరు విడిగా ఉండాలని అడగడం ఇద్దరి డిమాండు. మేడే కోర్కెల పత్రంలో దాన్ని మొదటి పేజీలోనే రాయాలి.