రెప్పలు లేని గుర్రం

మన సూర్యాపేట, కోదాడ పిల్లలు రోజూ చూసే 65వ నంబరు జాతీయ రహదారిని పట్టుకుని తూర్పుకు పోతే, అది చివరికి మచిలీపట్నం చేరుస్తుంది. అక్కడ సముద్రం! కాని నేను సముద్రపు అడుగును మొదట చూసింది మిర్యాలగూడలో, మా మేనమామగారింట, టెలివిజన్‌లో. వేలెడంత సముద్రపు గుర్రం తోకను గడ్డిపోచకు చుట్టి ఊగుతున్నది. దాన్ని అంత దగ్గరగా ఎట్లా తీశారో అప్పుడు నాకు అర్థం కాలేదు. తరవాత తెలుసుకున్నాను. మీకూ చెబుతాను.

నీరు అన్నిటికన్నా ముందు ఎరుపును మింగేస్తుంది. బాగా లోతుకు పోతే ఎర్రచేప కూడా బూడిదరంగులో కనిపిస్తుంది. అందుకని కెమెరా మనిషి దీపాలు తీసుకుపోతాడు. అయితే సముద్రపు గుర్రానికి రెప్పలు లేవే! దీపం కళ్ళలో పడితే అదేం చేస్తుంది? పగడాల మధ్య బతికే మరుగుజ్జు జాతి ఒకటున్నది, రెండు సెంటీమీటర్లే. వెలుతురు పడగానే అది ముఖం తిప్పేసుకుంటుంది. మంచి కెమెరా మనిషి దాన్ని వేలితో తనవైపు తిప్పడు. దీపం ఆర్పి, వచ్చేస్తాడు. బొమ్మ రాకపోతే పోయె! నన్నడిగితే అసలు పనితనం అదే.

ఫ్రాన్సు దేశంలో జాఁ పాన్లెవే అనే ఆయన 1934లోనే సముద్రపు గుర్రాల మీద సినిమా తీశాడు. ఆయన కెమెరాలో కొన్ని సెకండ్లకు సరిపడే ఫిల్మే పట్టేది. అది కాగానే నీళ్ళ పైకి రావాలి, మళ్ళీ మునగాలి. ఈ జాతిలో పిల్లలను కడుపు సంచిలో మోసి కనేది మగది. ఆ కాన్పును ఆయన సముద్రంలో కాదు, గాజుతొట్టిలో తీశాడు. తొట్టి ముందు రోజుల తరబడి కాపలా! కునుకుపడితే తలకు చిన్న కరెంటు దెబ్బ తగిలే ఏర్పాటు కూడా చేసుకున్నాడని చెబుతారు.

ఇప్పుడు మన దేశంలో సముద్రపు గుర్రాలను పట్టడం నేరం. 2001లో వాటికి పులితో సమానంగా చట్టరక్షణ ఇచ్చారు.

గాజుతొట్టి ఉపాయం మీకూ పనికివస్తుంది. పెద్దవాళ్ళను వెంటబెట్టుకుని, సాగర్ కాలువ దగ్గరికి కాదు సుమా, వరిమడికి పోయి ఒక సీసాడు నీళ్ళు తెండి. సీసా వెనక నల్లకాగితం నిలబెట్టి, పక్కనుంచి పగటి వెలుతురు పడనివ్వండి. కదలకుండా చూడండి. కాళ్ళను తెడ్లలాగా వేస్తూ వెల్లకిలా ఈదే పురుగు కనిపించవచ్చు. దాన్ని ముట్టుకోకండి, కుడుతుంది. పొద్దు వాలకముందే ఆ నీళ్ళను ఆ మడిలోనే వదిలిరండి.