కొత్త పికప్పుకు అతుకులా?

అన్నలారా, బుడ్డశనగలు తోలుకోడానికని మేం తీసుకున్న కొత్త పికప్పుకు ఇంకా ఆరు నెలలు నిండలేదు. వెనక తొట్టి డోరు కాడ వెల్డింగు విడిచింది. రంగు పొక్కులు లేచి అడుగున తుప్పు కనపడతాంది. వానొస్తే క్యాబిన్‌లో కాళ్ల కింద నీళ్లు. మా పాత బండి నల్లరేగడి దోవల్లో పదేండ్లు తిరిగినా ఇట్ల కాలేదు.

షోరూమోళ్ల మాట ఒకటే: "ఓవర్‌లోడు ఏసింటారు." రైతు నోరు మూయించే మాట అది. నేను కాటా చీటీలన్నీ తీసి ముందర పెట్టినా. మన ప్రతి లోడూ కాటా ఎక్కేదే కదా! ఆర్సీలో రాసిన మొత్తం బరువు, చీటీలో బరువు పక్కపక్కన పెట్టి చూడమన్నా. మేనేజరు గొంతు తగ్గింది.

జాబ్‌కార్డులో వాళ్లు "జనరల్ చెకప్" అని రాసి సంతకం పెట్టమంటారు. పెట్టొద్దు. "వెల్డింగు విడిచింది, నీళ్లు కారుతాండాయి" అని రాయించి, తేదీతో కాపీ తీసుకోండి. వారంటీ లోపలే చెప్పినామనడానికి సాక్ష్యం అదే.

"బాడుగ బండికి వినియోగదారుల కేసు చెల్లదు" అన్నాడు ఇంకొకాయన. అట్లేం లేదు. బతుకుతెరువు కోసం సొంతంగా నడుపుకునేటోడు కూడా 2019 చట్టం ప్రకారం వినియోగదారుడే. రెండేండ్ల లోపల మన కడప జిల్లా కమిషన్‌లోనే వేయొచ్చు. 5 లక్షలు దాటి 10 లక్షల లోపు బండికి ఫీజు 200 రూపాయలు. నేను ముందు 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు రాయించినా.

సోమవారం కంపెనీ మనిషి బండి చూడనీకి వస్తాడంట. అతుకేసి పంపిస్తామంటే ఒప్పుకోను, తొట్టి మార్చాల్సిందే.