మంగళస్నానం, పెండ్లివిందు



చాలాకాలంగా వ్రాయాలనుకుంటూ వాయిదా వేస్తూ వచ్చిన విషయమిది. మతాన్ని గురించి వ్రాస్తే ప్రచారమనుకుంటారేమోనన్న జంకు ఒకటి, శృంగారాన్ని గురించి వ్రాస్తే వయసు మరచాడంటారేమోనన్న జంకు మరొకటి. ఈ విషయంలో ఆ రెండూ కలిసే ఉన్నాయి. పాఠశాలలో నాతోపాటు పనిచేసిన సంస్కృత పండితులొకరు ఆమధ్య ఫోనులో, "మాస్టారూ, మీ దేవాలయంలో ఇచ్చే ఆ అప్పాన్ని మీ పెద్దలు దేవునితో పెండ్లి అంటారట. మా గోదాదేవి పెండ్లి నాకు అర్థమవుతుంది. భోజనం పెండ్లి ఎలా అవుతుంది?" అని అడిగారు. ఫోనులో రెండు ముక్కలలో చెప్పగలిగినది కాదది. పుట్టుకతో కథోలికుడను, చదువుచేత తెలుగు పండితుడను. రెండువైపులా నిలబడి చూసినప్పుడు నాకు తోచినది ఇక్కడ విన్నవించుకుంటాను.

ముందుగా మాటలు చూద్దాం. 'యూకరిస్తియా' అన్న గ్రీకు మాటకు కృతజ్ఞతాస్తుతి అని అర్థం. తెలుగు కథోలికులు దానిని దివ్యసత్ప్రసాదం అంటారు. యేసు కడరాత్రి భోజనవేళ పలికిన మాటలను గురువు పీఠం వద్ద పలికినప్పుడు గోధుమ అప్పమూ ద్రాక్షారసమూ క్రీస్తు శరీర రక్తాలవుతాయని కథోలికుల విశ్వాసం. రూపం మారదు, రుచి మారదు, మారేది సారం. అది ఆయనకు గుర్తు మాత్రమే కాదు, సాక్షాత్తు ఆయనే. ప్రసాదమంటే ప్రసన్నత, అనుగ్రహం. మనం నివేదించినది దైవానుగ్రహంతో మనకే తిరిగి రావడం ప్రసాదం. ఇక్కడా మనం తెచ్చినది గోధుమే, ద్రాక్షే. తిరిగి వచ్చేది మాత్రం ఇచ్చేవాడే. దాతయే దానమైన ఈ తీరును ఆ తెలుగు మాట చక్కగా పట్టుకున్నదని నా అభిప్రాయం.

ఇందులోకి పెండ్లి ఎక్కడనుంచి వచ్చింది? హోషేయ ప్రవక్త నాటినుంచే యూదుల గ్రంథాలలో దేవుడు భర్త, ప్రజ భార్య. ఆ భార్య తప్పిపోయినా వెదుకుతూ వెళ్ళే భర్త ఆయన. యోహాను సువార్తలో యేసు చేసిన మొదటి అద్భుతం కానా ఊరి పెండ్లిలోనే. ఎఫెసు వారికి వ్రాసిన లేఖలో, భార్యాభర్తలు ఏకశరీరులవుతారన్న ఆదికాండపు మాటను ఎత్తుకొని, ఈ రహస్యం గొప్పదని, తాను చెబుతున్నది క్రీస్తును, సంఘాన్ని గురించి అని ఉంది. ఆ చోట 'రహస్యం' అన్న గ్రీకు మాటను లాతీను అనువాదం 'సాక్రమెంతుమ్' చేసింది. దివ్యసంస్కారాలకు తరువాత స్థిరపడిన పేరు ఆ మాటే.

పూజలో అప్పాన్ని స్వీకరించే ముందు, గొఱ్ఱెపిల్ల విందుకు పిలువబడినవారు ధన్యులన్న భావం గల మాటలు గురువు పలుకుతారు. దర్శన గ్రంథం 19వ అధ్యాయంలో అది ఉత్త విందు కాదు, పెండ్లివిందు. పూజలోని పాఠంలో 'పెండ్లి' అన్న మాట లేదు. వరుసలో నిలబడినవారిలో చాలామందికి తాము పెండ్లికి వచ్చామన్న సంగతి స్ఫురించకపోవడానికి అదొక కారణం కావచ్చు.

1992లో వెలువడిన కథోలిక శ్రీసభ సత్యోపదేశం ఈ వరుసను స్పష్టంగా చెప్పింది. పెండ్లికి ముందు వధువుకు చేయించే స్నానం వంటిది జ్ఞానస్నానం, ఆ తరువాతి పెండ్లివిందు దివ్యసత్ప్రసాదం. పాశ్చాత్యులకు దీనిని వివరించడానికి ఎన్ని వాక్యాలు కావలసివస్తాయో కాని, తెలుగువానికి ఒక్క మాట చాలు: మంగళస్నానం.

మిలాను నగర పీఠాధిపతి అంబ్రోసు 4వ శతాబ్దంలోనే, కొత్తగా జ్ఞానస్నానం పొందినవారికి పరమగీతాన్ని ఈ దృష్టితో బోధించాడు. ఆ గీతం మొదట్లో వధువు కోరే ముద్దు, పీఠం వద్ద క్రీస్తు శరీరాన్ని అందుకోవడమేనని ఆయన వ్యాఖ్యానం. 12వ శతాబ్దపు క్లెయిర్వో మఠాధిపతి బెర్నార్దు అదే పరమగీతంపై 1135లో ప్రసంగాలు ప్రారంభించి, 1153లో కన్నుమూసేనాటికి 86 ప్రసంగాలు చేశాడు. అప్పటికి చేరినది 8 అధ్యాయాలలో మూడవదాని మొదలు మాత్రమే. మఠంలో బ్రహ్మచర్యం పాటించే సన్యాసులకు 18 ఏళ్ళు చెప్పిన శృంగార కావ్య వ్యాఖ్యానమది! మన వ్యాఖ్యాతలు చూస్తే మెచ్చుకొని ఉండేవారు.

ఇక భోజనం సంగతి. మన పెండ్లిళ్ళలో బువ్వంబంతి ఉంది. వధూవరులు ఒక్కచోట కూర్చుని కలిసి భుజిస్తారు. రెండు ఇండ్ల వంటలు తిని పెరిగిన ఇద్దరు ఆనాటినుంచి ఒక ఇంటి అన్నం తింటారు. అన్నం మన ఒంటికి పడుతుంది, మనమే అవుతుంది. తాళి మెడలో ఉంటుంది, మాట చెవిలో ఉంటుంది. అన్నం మాత్రం బయట నిలువదు. ప్రేమించినవారిలో కలిసిపోవాలనుకున్నవాడు అన్నం కావడం కంటె దగ్గరి దారి ఏముంది? అయితే ఇక్కడొక తిరకాసు ఉంది. అంబ్రోసు చేతిమీదుగా 387లో జ్ఞానస్నానం పొందిన అగస్తీను, తన ఆత్మకథలో దీనిని తలక్రిందులు చేసి చూపాడు. మామూలు అన్నం మనం అవుతుంది. ఈ అన్నాన్ని తిన్నప్పుడు మాత్రం మనమే దానిగా మారతాం. తిన్నవాడు తినబడినవానిలోకి చేరతాడు. ఐనా తాను మిగిలే ఉంటాడు. ఉప్పు నీటిలో కరిగినట్టు కాదు, భార్యాభర్తలు ఒకటైనట్టు. పెండ్లి అన్న పోలికే ఎందుకు కావలసివచ్చిందో ఇక్కడ తెలుస్తుంది. ఒకటి కావాలి, ఇద్దరూ ఉండాలి.

అలంకారశాస్త్రం చదివినవారు, దేవుని విషయంలో శృంగారమేమిటని ఆక్షేపించవచ్చు. దేవతావిషయకమైన రతి భావమే కాని రసం కాదని మమ్మటుని నిర్ణయం. 16వ శతాబ్దంలో రూపగోస్వామి దానిని మధురరసంగా, భక్తిరసాలన్నింటికీ తలమానికంగా నిలిపాడు. ఆ గౌడీయ సంప్రదాయంలో పరకీయా భావానికి పెద్దపీట. కథోలిక పెద్దల నాయిక ఎన్నడూ పరకీయ కాదు, స్వీయయే. లోకానికి చాటుగా సాగే ప్రేమ కాదిది, నలుగురి ఎదుట చేసిన ప్రమాణం. మనసు పొంగిన రోజునే కాక, పొంగని రోజునా నిలబడవలసిన బంధం. ప్రతి ఆదివారం, ఇంటి గొడవలతో, మోకాళ్ళ నొప్పులతో, ఏ భావావేశమూ లేకుండా వరుసలో నిలబడే ముసలివారిని చూసినప్పుడు నాకు స్వీయ అన్న మాటకు అర్థం తెలిసింది.

మరొక చిక్కు: పురుషుడు వధువు ఎట్లా అవుతాడు? పోపు రెండవ జాన్ పాల్ 1988లో స్త్రీల గౌరవాన్ని గురించి వ్రాసిన లేఖలో దీనికి జవాబిచ్చారు. సంఘంలో స్త్రీపురుషులందరూ వధువే, ఎందుకంటే అందరూ ఆయన ప్రేమను కానుకగా అందుకునేవారే. తెలుగువారికి ఇది మింగుడుపడని మాట కానే కాదు. అన్నమయ్య, క్షేత్రయ్య మగవారై ఉండీ నాయిక గొంతుతో పాడలేదా? నేను 33 ఏళ్ళు పాఠాలు చెప్పి బ్రతికినవాడను. ఇవ్వడమే అలవాటు. ఇంట్లోనూ యజమానినే. నా బ్రతుకులో నేను ఏమీ ఇవ్వలేక, అడగలేక, వట్టి చేతులతో అందుకునే చోటు అదొక్కటే. నాయికా భావమంటే కన్నుల కాటుక, విరహతాపం అని పిల్లలకు చెప్పాను. అసలు భావం అందుకోవడంలో ఉంది.

ఈ విందూ ఈ పెండ్లీ ఒక్క క్షణంలో కలిసిన ఉదంతం ఒకటి చెబుతాను. 1572 నవంబరు 18. స్పెయిన్‌లోని అవిలా నగరంలో మనుష్యావతార మఠం. మఠాధిపతురాలు తెరెసాకు అప్పటికి 57 ఏళ్ళు. సత్ప్రసాదం ఇస్తున్నవాడు 30 ఏళ్ళ గురువు, సిలువ యోహాను. తనకు పెద్ద అప్పాలంటే ఇష్టమని ఆమె ఆయనతో లోగడ అన్నది. ఆనాడు ఆయన ఆమెకు ఇవ్వవలసిన అప్పాన్ని విరిచి, మిగతాది మరొక కన్యస్త్రీకి ఇచ్చాడు. అప్పాలు చాలక కాదు, తన ఇష్టాన్ని అణచడానికే ఇలా చేశాడని ఆమె అనుకున్నది. ఎంత చిన్న తునకలోనైనా ప్రభువు సంపూర్ణంగా ఉంటాడని ఆమెకు తెలుసు. 1551లో త్రెంతు మహాసభ మరొకమారు స్థిరపరచిన సిద్ధాంతమే అది. ఆ క్షణంలోనే క్రీస్తు ఆమెకు దర్శనమిచ్చి, తన కుడిచేయి అందించి, అందులోని మేకును చూపి, పెండ్లికి గుర్తు ఇదేనని, ఇకపై ఆమె తన వధువని పలికినట్టు ఆమె వ్రాసుకున్నది. మంగళసూత్రం లేదు, ఉంగరం లేదు, మేకు! 1577లో వ్రాసిన గ్రంథంలో ఆత్మలోని ఏడవ మందిరాన్ని ఈ పెండ్లి నెలవుగా వర్ణించి, ఆ పెండ్లికి ఫలం పరవశత్వం కాదని, సత్కార్యాలు పుట్టాలని ఖండితంగా చెప్పింది.

ఈ సగం అప్పం కథను చిన్నప్పుడే విన్నాను. అది నా ఇంటికి వచ్చింది ఆరేళ్ళ క్రితం. నా ధర్మపత్ని చివరి వారంలో గుటక దిగని స్థితిలో ఉన్నది. గురువుగారు ఇంటికి వచ్చి, అప్పంలో ఆవగింజంత తునక తీసి, చెంచాడు నీళ్ళతో ఆమె నోటిలో వేశారు. మరణశయ్యపై ఇచ్చే సత్ప్రసాదానికి లాతీనులో 'వియాతికుమ్' అని పేరు, దారిబత్తెం అని అర్థం. అచ్చంగా మన పాథేయమే. "అంత చిన్నది..." అని నేను నసిగాను. ఆమె, "చాలండీ" అన్నది. తరువాత ఆమె మాట్లాడినవి తక్కువ.

ఆమె పోయిన కొన్ని నెలలకు, పునరుత్థానంలో పెండ్లిళ్ళు ఉండవని యేసు సద్దూకయులకు చెప్పిన ఘట్టం పూజలో చదివారు. అంతకుముందు ఎన్నోసార్లు విన్నదే. ఆనాడు మాత్రం లేచి వెళ్ళిపోవాలనిపించింది. వివాహబంధం మరణంతో తీరిపోతుందని మా ధర్మం చెబుతుంది. సిలువ గుర్తున్న మంగళసూత్రాన్ని పీఠం ఎదుట కట్టిన నాటినుంచి 37 ఏళ్ళ కాపురం. అదంతా మరొక పెండ్లికి ఉపమానమేనా? ఉపమేయం వచ్చాక ఉపమానాన్ని చెరిపివేస్తారా?

నాకు ఊరట కలిగించిన సమాధానం 9వ శతాబ్దపు కాశ్మీర పండితుడు ఆనందవర్ధనుని వద్ద దొరికింది. వాచ్యార్థం వ్యంగ్యార్థాన్ని చూపడాన్ని ఆయన దీపం కుండను చూపడంతో పోల్చాడు. కుండ కనబడగానే దీపం ఆరిపోదు. వెలుగుతూనే ఉంటుంది. దైవానుగ్రహం ప్రకృతిని నాశనం చేయదు, పూర్తిచేస్తుందన్న థామస్ అక్వినాసు మాట దీనికి దూరం కాదనుకుంటాను.

ఇంకొక సంగతి. మా ఊరి దేవాలయంలో ఆడవారు ఒకవైపు, మగవారు ఒకవైపు కూర్చుంటారు. 37 ఏళ్ళూ ఆమె ఆవైపు, నేను ఈవైపు. సత్ప్రసాదం వేళకు రెండు వరుసలూ ఒక్క పీఠం ముందుకే వచ్చేవి. అక్కడ మేము భార్యాభర్తలుగా నిలబడలేదు. వధువు ఒక్కతే, సంఘం. ఆ ఒక్క వధువులో ఇద్దరమూ ఉన్నాం. గతించినవారు ఆ సంఘం నుంచి తొలగిపోరని మా విశ్వాసం. కాబట్టి ఇంట్లో తెగిన బంధం ఆ వరుసలో తెగలేదు. అక్కడ మా ఇద్దరికీ వరుడు ఒక్కడే. ఆమె నాకంటె ముందు వెళ్ళింది, అంతే.

నా మిత్రునికి ఇవ్వదలచిన సమాధానం ఇది. ఇది గోదాదేవి పెండ్లికి పోటీ కాదు. గోదాదేవి తాను ముడిచిన దండను స్వామికి ఇచ్చింది. ఇక్కడ స్వామి తానే అన్నమై వచ్చాడు. రెండింటిలోనూ ప్రేమ దూరాన్ని ఓర్వలేదు. తేడాలు చాలా ఉన్నాయి, వాటిని కప్పిపుచ్చడం ఉభయులకూ గౌరవం కాదు.

తెరెసా చెప్పిన సత్కార్యాల సంగతి మాత్రం నాకింకా బాకీ ఉంది. పూజ ముగిసి బయటికి వచ్చాక, గుడిదాకా రాలేని ఇద్దరు వృద్ధుల ఇండ్లకు వెళ్ళి కూర్చుని వస్తున్నాను. వారిలో ఒకరికి చూపు లేదు. పత్రిక చదివి వినిపించమంటారు. పెండ్లి ఎంత గొప్పదైనా మరునాటినుంచి కాపురం చేయాలి కదా!