అడుగుకు అంగుళం: మా కాంటెస్సా

మా ఇంట్లో 1986 నుంచి 1998 దాకా ఒక కాంటెస్సా కారు ఉండేది. దాని నమూనా ఒకటి చెక్కతో చేసినాం. అడుగుకు అంగుళం లెక్క. పదిహేనడుగుల కారు పదిహేనంగుళాలైంది. తొమ్మిది నెలలు పట్టింది. పీళమేడు ఇంటికి వచ్చిపోయే బంధువులు దాన్ని చూసి "ఎక్కడ కొన్నారు?" అని అడుగుతున్నారు. అందరికీ విడివిడిగా చెప్పేదానికి బదులు ఇక్కడ రాసి పెడుతున్నాం.

మేమంటే ముగ్గురు తోబుట్టువులం. మన ఇళ్లల్లో మాట్లాడేది తెలుగే గానీ బడిలో చదివింది తమిళం. ఈ అక్షరాలు మేం పెద్దయినాక నేర్చుకున్నవి. అందుకని అక్కడక్కడా ఇంటి మాట అట్లాగే వచ్చేస్తుంది, సర్దుకోండి.

కాంటెస్సాను చూడని పిల్లల కోసం రెండు మాటలు. ఇంగ్లండులో వాక్స్‌హాల్ అనే కంపెనీ వీఎక్స్ అని ఒక కారు చేసేది. అక్కడ దాని కాలం 1978లో అయిపోయింది. ఆ కారు ఒంటినే హిందుస్థాన్ మోటార్స్ తెచ్చుకుని, కలకత్తా దగ్గర ఉత్తర్‌పారా ఫ్యాక్టరీలో కాంటెస్సా పేరుతో 1984 నుంచి అమ్మింది. 2002తో అదీ ఆగిపోయింది. పొడుగు బానెట్, పొడుగు డిక్కీ, వెనక చక్రం పైన తొడలాగా లేచిన రేకు. అమెరికా సినిమాల్లో కార్ల తీరు. అందుకే ఇప్పటివాళ్లు దాన్ని ఇండియా మజిల్ కారు అంటున్నారు. అమెరికాలో మజిల్ కారంటే మధ్యరకం ఒంట్లో పెద్ద వీ8 ఇంజను దించిన బండి. మొదటి కాంటెస్సాలో ఉన్నది అంబాసిడర్‌లోని 1489 సీసీ ఇంజనే. ఒడ్డూ పొడుగూ పహిల్వానుది, గుండె గుమాస్తాది. తర్వాత జపాన్ ఇసుజు వాళ్ల 1.8 లీటర్ల ఇంజనూ ఐదు గేర్లూ వచ్చినాక గానీ దానికి ఆకారానికి తగ్గ పరుగు రాలేదు. మాది ఆ ముందుది.

కున్నూరు పోవాలంటే మేట్టుపాళయం దాటి, కల్లారు దగ్గర కొండ మొదలైన కాసేపటికే సూది పైకి పోయేది. బర్లియార్లో ఆగి తీరాల్సిందే. నాయన బానెట్ లేపి, రేడియేటర్ మూత మీద తడిగుడ్డ వేసి నిలబడేవాడు. అది చల్లారేలోపు అవ్వ పండ్ల అంగడికి పోయి మంగుస్తాను పండ్లు బేరమాడేది. మాకు ఈనాటికీ మంగుస్తాను నోట్లో పెట్టుకుంటే వేడి ఇంజను వాసన వస్తుంది. ఆ పండుకు అదే అసలు రుచి అనుకుంటాం.

ఇప్పుడు ఈ నమూనా ఎందుకంటే, నాయన చూపు పోయింది. గ్లాకోమా. కొద్దికొద్దిగా అంచులనుంచి మూసుకుంటూ వచ్చి, ఐదేండ్ల కింద పూర్తిగా పోయింది. దానికి ఆయన అలవాటు పడినాడనే అనుకున్నాం. రేడియో, కర్ర, పొద్దున్నే వాకిట్లో నడక. ఒకరోజు కాఫీ తాగుతూ ఉన్నట్టుండి అన్నాడు: "చూసిందంతా ఒక్కొక్కటే చెరిగిపోతుండాదిరా. నిన్న రాత్రి మన కారును తలుచుకుంటే ముందు ముఖం వచ్చింది, వెనక రాలేదు. మీ అమ్మ ముఖం ఇంకా ఉండాది. అది ఎన్నాళ్లుంటుందో."

ఆ మాటకు మాకు బదులు దొరకలేదు. అమ్మ పోయి పదకొండేండ్లు. అమ్మ ముఖం మేం చేయలేం. కారు చేయగలం అనిపించింది.

చేయగలం అని అంత ధైర్యంగా అనుకోవడానికి కారణం మా పట్టర. కోయంబత్తూరు పంపుసెట్ల ఊరు. పంపుకు పోతపోసిన ఇనుము కావాలి, పోతకు ఇసుకలో అచ్చు కావాలి, ఆ అచ్చు పడడానికి ముందు చెక్కతో అదే ఆకారం చేయాలి. దాన్ని ప్యాటర్న్ అంటారు. తాత 1950లలో గణపతిలో పెట్టిన పట్టరలో మూడు తరాలు చేసింది ఆ పనే. ఇప్పుడు ప్యాటర్న్‌లు కంప్యూటరుతో కోస్తున్నారు. మాలో చిన్నవాడు చేసేదీ అదే. కానీ ఉలి, తోపడ, ఉప్పుకాగితం ఎట్లా పట్టాలో మాకు ముగ్గురికీ తెలుసు. సెలవుల్లో ఆడపిల్లని అక్కను విడిచిపెట్టలేదు నాయన. నునుపు చేసే పనిలో అక్క చేతికి మించింది ఇంట్లో లేదు.

ముందు ఫొటోలు వెతికినాం. పన్నెండేండ్లు ఇంట్లో ఉన్న కారుకు ఏడు ఫొటోలు దొరికినాయి, ఏడింటిలోనూ కారుకు ముందు మనుషులు. ఫిల్మ్ రోజుల్లో ఉత్త కారును ఎవరు ఫొటో తీస్తారు? ఒకదాంట్లో ముందు చక్రం ఉండాల్సిన చోట అవ్వ కంచిపట్టు చీర. ఇంకోదాంట్లో చిన్నాయన కొత్త పెళ్లికొడుకుగా తలుపుకు అడ్డంగా నిలబడి ఉన్నాడు, చేయి కప్పు మీద. మూడోదాంట్లో ఎనిమిది మంది పిల్లలం బానెట్‌కు ఆనుకుని వరసగా ఉన్నాం, ఆ సందుల్లోంచి గ్రిల్ ముక్కలు ముక్కలుగా కనబడుతుంది. ఈ ముక్కలన్నీ కాగితం మీద కలిపి గీసుకుంటే కుడిపక్క, ముందుపక్క దాదాపు పూర్తయింది. వెనక మాత్రం ఒక్క ఫొటోలోనూ లేదు. నాయనకు రానిదీ అదే.

కొలతల కోసం పొళ్లాచ్చిలో ఒక పెద్దమనిషి దగ్గర ఓడుతున్న కాంటెస్సా ఉందని తెలిసి పోయినాం. ఆయన పేరు రాయొద్దన్నారు. రెండు ఆదివారాలు ఆయన పోర్టికోలో కూర్చోబెట్టి, ఇడ్లీలు కూడా పెట్టినారు. నేల మీద కారుకు సమాంతరంగా సుద్ద గీత కొట్టి, అడుగు అడుగుకూ తూకం గుండు వేలాడదీసి, దారానికీ రేకుకూ మధ్య దూరం ఆరు ఎత్తుల్లో కొలిచినాం. అట్లా పదహారు నిలువు కోతలు. వాటిని అట్టలో కత్తిరించి టెంప్లేట్లు చేసుకున్నాం. ముందు చక్రం నడుమ నుంచి వెనక చక్రం నడుమకు 105 అంగుళాలు, మా లెక్కలో ఎనిమిదీ ముప్పావు. గ్రిల్ ఆయన మార్చుకున్నారు కాబట్టి అది ఒక్కటి ఫొటో చూసే చేసినాం.

చెక్క విషయంలో ఇంట్లో చిన్న గొడవ అయింది. కొత్త టేకు కొందామంటే నాయన ఒప్పుకోలేదు. కొత్తది ఇంకా కదులుతుంది, వంకర తిరుగుతుంది, యాభై ఏండ్లు ఎండిన టేకు అటక మీద పెట్టుకుని కొనేదేంది అన్నాడు. అటక మీద ఉన్నవి తాత చేతి ప్యాటర్న్‌లు. వాటిని కోయడానికి మాకు చేతులు రాలేదు. చివరికి నాయనే ఒక్కోదాన్ని ఒళ్లో పెట్టుకుని తడిమి, ఒక పాత కోర్ బాక్సు పక్కకు తీసినాడు. "ఈ పంపు ఇప్పుడు ఎవరూ చెయ్యరు. దీన్ని కొయ్యండి." దాని పలకలు ఒకదాని మీద ఒకటి అతికించి దిమ్మ చేసుకున్నాం. ఒకచోట లోపల తాత పెన్సిల్ గీతలు బయటపడితే ఆ పలకను అట్లాగే లోపలికి తిప్పి పెట్టినాం. కారు పొట్టలో ఉన్నాయి అవి.

ఇంకో సంగతి పట్టర తెలియనివాళ్లకు వింతగా ఉంటుంది. మా దగ్గర మామూలు స్కేళ్లు తక్కువ. కరిగిన ఇనుము చల్లారేటప్పుడు కుంచించుకుంటుంది, అడుగుకు దాదాపు ఒక నూలు, అంటే అంగుళంలో ఎనిమిదో వంతు. అందుకని ప్యాటర్న్ ఎప్పుడూ ఆ మేరకు పెద్దగా చేయాలి. ప్రతిసారీ లెక్క కట్టకుండా, అంగుళాలే కొంచెం సాగదీసి గీసిన స్కేళ్లు వాడతాం. మేం అలవాటుగా అదే తీస్తే, నాయన వేళ్లతో గుర్తుపట్టి పక్కన పెట్టించినాడు. "ఇది ప్యాటర్న్ కాదు. దీన్నించి ఇంకోటి పుట్టదు. మామూలు స్కేలు తియ్యండి."

ఆరో నెలకు ఆకారం వచ్చింది. లక్క పూసి, పుట్టీ పెట్టి, మళ్లీ ఉప్పుకాగితం పట్టి, నాయన ముందు బల్ల మీద పెట్టినాం. ప్యాటర్న్ పనిలో కంటి కన్నా చేతినే నమ్ముతారు. కంటికి కనబడని మిట్ట అరచేతికి తగులుతుంది. నాయన రెండు చేతులూ బానెట్ మీద పెట్టి మెల్లగా వెనక్కి తెచ్చినాడు. అద్దం వాలు, కప్పు, వెనక తొడ, డిక్కీ. మళ్లీ ముందు నుంచి. మూడోసారి తర్వాత అన్నాడు: "బాగుండాది. కొలత తప్పలేదు. కానీ ఇది పొళ్లాచ్చి ఆయన కారురా. మనది వెనక కుంగి ఉండేది."

నిజమే. డిక్కీ నిండా పోత ముక్కలు, శాంపిల్ పంపులు మోసి మోసి వెనక స్ప్రింగులు దిగిపోయి ఉండేవి. ఎవరూ ఎక్కకపోయినా వెనక ఎవరో కూర్చున్నట్టే నిలబడేది మా కారు. చిన్నాయన దాన్ని గర్భిణి అనేవాడు. మాకూ గుర్తుంది గానీ నమూనా అంటే షోరూమ్ నుంచి వచ్చినట్టు ఉండాలనే లెక్కలో ఉన్నాం. దీని మీద వారం రోజులు వాదన నడిచింది. బెంగళూరు నుంచి ఒకరు ఫోన్‌లో, కొత్తగా ఉన్నప్పటి కారే చేయాలి, నాయన కొన్న రోజు ఎట్లుందో అట్లా, అని పట్టుబట్టినారు. నాయన ఏమీ అనలేదు. చివరికి వెనక ఇరుసు రంధ్రాలు ఒక నూలు పైకి జరిపినాం. అసలు కారులో అంగుళంన్నర కుంగినట్టు. మళ్లీ చేతికిచ్చినప్పుడు వెనక బంపర్ కింద వేలు పెట్టి బల్లకు ఎంత ఎడముందో చూసి, "ఆఁ" అన్నాడు. అంతే. నమూనా చేసేవాళ్లలో చాలామంది మురికి, తుప్పు కూడా రంగుతో వేస్తారు. అది మాకు కొంచెం అతిగా తోస్తుంది. కుంగుదల మాత్రం అలంకారం కాదు, ఆ కారు చేసిన పని.

కిటికీలకు పాత ఎక్స్‌రే ఫిల్ములు కడిగి వాడినాం. నల్లది పోయినాక లేత నీలి రేకు మిగులుతుంది, అప్పట్లో అద్దాలకు వేయించుకునే రంగు అచ్చం అదే. బంపర్లు అల్యూమినియం పట్టీ వంచి మెరుగు పెట్టినవి. చక్రాలు లేత్ మీద. ఇవన్నీ నాలుగు వారాల పని, పెద్దగా చెప్పేదేమీ లేదు.

రంగు దగ్గర చిక్కు వచ్చింది. ఫొటోలన్నీ ఎర్రబారిపోయినాయి, ఆ కాలం ప్రింట్లు అంతే. నాయన మీగడ రంగన్నాడు, అక్క లేత పసుపన్నది. అమ్మేటప్పుడు గుర్తుగా ఏమైనా తీసి పెట్టుకున్నావా, ఒక మూతో, బిళ్లో, అని నాయనను అడిగినాం. "అమ్మినాక పూర్తిగా ఇయ్యాల. సామాను పీక్కుని ఇస్తారా?" అన్నాడు. అప్పుడు ఆయన ఆ అమ్మకం సంగతి మొదటిసారి మాతో మాట్లాడినాడు. సరుకు తీసుకున్న ఒక కంపెనీ ఏడాదిగా డబ్బు ఆపేసింది. దీపావళి వచ్చింది. పట్టరలో పదకొండు మంది. బోనసు ఇయ్యకపోతే వాళ్ల ఇండ్లల్లో పండగ లేదు. కొన్నాయన తాళాలు తీసుకుని వాకిట్లోంచి వెనక్కి తీస్తున్నప్పుడు నాయన ఇంట్లోకి పోయినాడంట. "వెనక్కి తీసినాడు గదా, ముందు ముఖమే మన పక్క ఉండింది. కడాకు చూసింది అదే."

గేటు అనగానే అక్కకు తట్టింది. గేటు పక్క రాతి స్తంభానికి, మోకాలెత్తున, లోపలి వైపు, కారు రాసుకుపోయిన గీత ఒకటి ఇప్పటికీ ఉంది. రాసింది ఎవరో అందరికీ తెలుసు, చిన్నాయన దీన్ని చదువుతారు కాబట్టి రాయడం లేదు. తడిగుడ్డతో తుడిస్తే రాతి గరుకులో రంగు మెరిసింది. మీగడా కాదు, పసుపూ కాదు. తేనె కలిపిన పాలలాంటిది. రంగుల అంగడి అబ్బాయిని స్తంభం దగ్గరికే పిలిపించి, నాలుగుసార్లు కలిపించి సరిపోల్చుకున్నాం.

ఇప్పుడు కారు నాయన గదిలో, మంచానికి కుడిపక్క, చేయి అందే ఎత్తులో ఉంది. తుడవొద్దంటాడు, ఆయన చేతులే తుడుస్తున్నాయి. కప్పు మీద రంగు అప్పుడే నిగారింపు తగ్గుతోంది.

వెనక భాగం మాత్రం పొళ్లాచ్చి కారును చూసి చేసిందే. నాయన అక్కడికి వచ్చినప్పుడల్లా వేళ్లు ఆపుతాడు. మన డిక్కీ మూత మీద తాళం పక్కన ఏదో ఉండేది, స్టిక్కరో, సొట్టో, తేలడం లేదంటాడు. అందుకని ఆ చోట పైపూత వేయకుండా ఉంచినాం. 1991లో కోవిల్‌పట్టి పెళ్లికి ఆ కారులోనే వచ్చినాం, మండపం ముందు రెండు రోజులు నిలబడి ఉండింది. ఆ పెళ్లికి వచ్చినవాళ్లలో ఎవరి ఆల్బంలోనైనా, వీడియో క్యాసెట్లోనైనా, ఎవరి వెనకైనా సరే, దాని వెనక కనబడితే దయచేసి మాకు పంపండి. మనుషులు అడ్డమున్నా పర్వాలేదు.