హోటల్, హాస్టల్: మధ్యలో ఒక 'ఎస్'

ఇంగ్లిష్ డిక్టేషన్‌లో ఏటా కనిపించే తప్పు ఇది. 'హోటల్' చెబితే కొందరు పిల్లలు 'హాస్టల్' స్పెల్లింగ్ రాస్తారు. తేడా ఒక్క 'ఎస్' అక్షరమే. పిల్లల్ని పూర్తిగా తప్పుపట్టలేం కూడా, ఎందుకంటే పుట్టుకలో ఆ రెండూ ఒకటే మాట.

లాటిన్‌లో అతిథినీ, అతిథికి చోటిచ్చేవారినీ 'హాస్పెస్' అనే అనేవారు. ఆ కుటుంబంలోదే పాత ఫ్రెంచి మాట హాస్టెల్. ఫ్రెంచివాళ్లు క్రమంగా 'ఎస్' పలకడం, ఆ తర్వాత రాయడం మానేసి, గుర్తుగా 'ఓ' అక్షరం మీద చిన్న గొడుగు పెట్టారు. ఇంగ్లిష్ పాత రూపాన్నీ, కొత్త రూపాన్నీ రెండూ ఉంచుకుంది. హాస్పిటల్ కూడా వీటి చుట్టమే. పారిస్‌లో 'ఓటెల్ ద్యూ' అంటే పాత ఆసుపత్రి అని చెబితే క్లాసంతా నవ్వుతుంది. మనం మాత్రం తక్కువా? హోటల్‌ని ఇడ్లీ, దోసెలకి వదిలేసి, పడుకోవడానికి లాడ్జికి వెళ్తాం.

హాస్టల్‌కి ఇప్పుడున్న అర్థంలో ఒక టీచర్ పాత్ర ఉంది. 1909లో జర్మనీలో రిచర్డ్ షిర్మన్ అనే బడిపంతులు పిల్లల్ని కాలినడకన విహారానికి తీసుకెళ్తుండగా పెద్ద గాలివాన వచ్చింది. ఒక ఊరి బడిలో గడ్డి పరుచుకుని ఆ రాత్రి గడిపారు. సెలవుల్లో ఖాళీగా ఉండే బళ్లలో పిల్లలకి బస ఇవ్వచ్చుగా అన్న ఆలోచన ఆయనకి అక్కడే వచ్చింది. 1912లో ఆల్టెనా కోటలో యూత్ హాస్టల్ మొదలైంది. మన హైదరాబాద్‌లో 1918లో మొదలైన రెడ్డి హాస్టల్ జిల్లాల నుంచి చదువుకోవడానికి వచ్చిన విద్యార్థులకి నీడనిచ్చింది. సురవరం ప్రతాపరెడ్డి గారు దాని నిర్వహణ చూశారు.

పదో తరగతి అవగానే మీలో చాలామంది పిల్లల్ని ఇంటర్ కోసం హాస్టల్లో చేర్చాలనుకుంటారు. చూడ్డానికి వెళ్లినప్పుడు ఏసీ ఉందా, మెనూ ఏంటి, గదికి ఎందరు అని అడుగుతారు. ఫీజు కట్టేవారు అడగాల్సిందే. కానీ నా దృష్టిలో అవి హోటల్‌కి వేసే ప్రశ్నలు. పిల్లలతో కూర్చుని వార్డెన్ భోంచేస్తారా? ఇంటికి ఫోన్ చేయాలనిపిస్తే ఎవరినడగాలి? రాత్రి రెండింటికి జ్వరమొస్తే మా అమ్మాయి ఎవరి తలుపు తట్టాలి?