ఇటు అక్కినేని, అటు ఎన్టీఆర్... ఆ పైన దివిసీమ!

హీరోల ఊళ్లు చూద్దామని పొద్దున్నే గుడివాడలో దిగాను. ఇటు రామాపురం అక్కినేనిది, అటు నిమ్మకూరు ఎన్టీఆర్‌ది. రెండూ చుట్టుపక్కల పల్లెలే! నిమ్మకూరులో అన్నగారి విగ్రహం ముందు ఫోటో దిగాను.

మధ్యాహ్నానికి బందరు. తెలుగు సినిమా పితామహుడు రఘుపతి వెంకయ్య 1869లో పుట్టిందిక్కడే. లడ్డు కొనుక్కుని ఇక తిరుగుదామనుకుంటుంటే, కొట్టు దగ్గర ఓ పెద్దాయన, "హీరోల్ని చూడాలంటే మా దివిసీమ రా బాబూ!" అన్నాడు. 1977 నవంబర్ 19 ఉప్పెనలో వాళ్లమ్మ పోయిందట. వేలమంది పోయారు. అప్పుడు ఆ ఇద్దరు హీరోలూ జోలె పట్టి జనాన్ని విరాళాలు అడిగారు.

పులిగడ్డ దాటి హంసలదీవి చేరాను. కృష్ణమ్మ సముద్రంలో కలుస్తోంది. కెమెరా తియ్యబుద్ధి కాలేదు. మీరూ ఓసారి వెళ్లిరండి!